యువజన ఒలింపిక్స్‌లో మన దేశం, మన ఇళ్లలో మన పిల్లలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, “మాస్టర్‌సాబ్, ప్రతి ఏడూ తాలీమ్ గురించే చెప్తున్నరు. ఈసారి ఆటల గురించి చెప్పండి. తెలుగులో చెప్పండి, అందరికీ అర్థమైతది” అన్నారు. మేము ఉర్దూ మీడియం మాస్టర్లం. ఇరవై ఏళ్లుగా బడిలో అలిఫ్, బే దిద్దిస్తున్నాం. మా తెలుగులో తప్పులు దొర్లితే, మేము పిల్లల పలకలు దిద్దినట్లే మీరూ దిద్దుకోండి. ఆటల విషయంలో వ్యాయామ ఉపాధ్యాయులకు తెలిసినంత మాకు తెలియదు. అయినా ఒప్పుకున్నాం. ఎందుకంటే ఈ ఆటల విషయంలోనే మా చేతులతో మేము చేసిన ఒక పొరపాటు ఉంది. అది నలుగురిలో చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. సమయం వచ్చినప్పుడు చెబుతాం. ముందుగా మన దేశం సంగతి మనవి చేస్తాం.

ఒలింపిక్స్ అంటే అందరికీ తెలుసు. నాలుగేళ్లకొకసారి జరుగుతాయి, టీవీలో చూస్తాం, పతకాలు రాలేదని నిట్టూరుస్తాం. కానీ పిల్లలకోసం కూడా ఒక ఒలింపిక్స్ ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. వాటినే యువజన ఒలింపిక్ క్రీడలంటారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2007లో ఈ నిర్ణయం తీసుకుంది. మొదటి వేసవి పోటీలు 2010 ఆగస్టులో సింగపూర్‌లో జరిగాయి. తర్వాత 2014లో చైనాలోని నాన్జింగ్‌లో, 2018 అక్టోబరులో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో జరిగాయి. ఆ తర్వాత 2022లో సెనెగల్ దేశంలోని డకార్‌లో జరగవలసినవి 2026కు వాయిదా వేశారు. ఇందులో ఆడేవాళ్లంతా పిల్లలే. సుమారు పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. అంటే మన ఇళ్లలో తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లలన్నమాట.

ఈ పోటీల్లో మన దేశం లెక్క ఎట్లా ఉందో చూద్దాం. మాస్టర్లం కాబట్టి ప్రోగ్రెస్ కార్డు చదివినట్లే చదువుతాం.

సింగపూర్‌కు రెండేళ్ల ముందు, 2008 అక్టోబరులో, కామన్వెల్త్ యువజన క్రీడలు మన పుణెలో జరిగాయి. అందులో మన పిల్లలు 33 స్వర్ణాలతో కలిపి 76 పతకాలు గెల్చుకుని మొదటి స్థానంలో నిలిచారు. బ్యాడ్మింటన్‌లో మన హైదరాబాద్‌లో శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ స్వర్ణం గెలిచింది. పత్రికలు మెచ్చుకున్నాయి, మనమూ సంతోషించాం. అయితే ఇంటి పెరట్లో పరుగెత్తడం వేరు, ఊరి జాతరలో పరుగెత్తడం వేరు. కామన్వెల్త్‌లో చైనా లేదు, జపాన్ లేదు, రష్యా లేదు.

రెండేళ్ల తర్వాత సింగపూర్‌లో ప్రపంచమంతా వచ్చింది. అక్కడ చైనా పిల్లలు 30 స్వర్ణాలు పట్టుకుపోయారు. మనకు ఒక్క స్వర్ణమూ రాలేదు. ఆరు రజతాలు, రెండు కాంస్యాలు, మొత్తం ఎనిమిది వచ్చాయి. టెన్నిస్‌లో యూకీ భాంబ్రీ, బ్యాడ్మింటన్‌లో ప్రణయ్, బాక్సింగ్‌లో శివ థాపా, కుస్తీలో పూజా ధండా, 400 మీటర్ల హర్డిల్స్‌లో దుర్గేశ్ కుమార్, డిస్కస్ త్రోలో అర్జున్ రజతాలు తెచ్చారు. బాక్సింగ్‌లో వికాస్ కృష్ణన్, కుస్తీలో సత్యవర్త్ కాదియాన్ కాంస్యాలు తెచ్చారు.

2014 నాన్జింగ్‌లో మార్కులు ఇంకా తగ్గాయి. మొత్తం దేశానికి రెండే పతకాలు. ఒకటి బాక్సింగ్‌లో గౌరవ్ సోలంకి కాంస్యం. రెండోది వెయిట్‌లిఫ్టింగ్ 77 కిలోల విభాగంలో రజతం. ఆ రజతం తెచ్చిన కుర్రవాడు మన తెలుగువాడు, రాగాల వెంకట్ రాహుల్. ఊరు బాపట్ల దగ్గర స్టువర్టుపురం.

ఈ ఊరి పేరు చెప్పగానే పెద్దవాళ్ల ముఖాలు మారాయి, మేము గమనించాం. ఇంగ్లీషువారి కాలంలో కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేసి, వాళ్లను ఒకచోట కూడేసి కాపలా పెట్టి ఉంచిన ఊరది. చట్టం 1952లో పోయింది కాని పేరు మాత్రం పోలేదు. దొంగతనం జరిగితే “స్టువర్టుపురం వాళ్లేమో” అనడం సినిమాల్లోనూ విన్నాం, రైళ్లలోనూ విన్నాం. ఆ ఊరి పిల్లవాడు హైదరాబాద్ పక్కనున్న హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో చదువుకుని, దేశం మొత్తానికి వచ్చిన రెండు పతకాల్లో ఒకటి తెచ్చాడు. తర్వాత 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. ఊరిమీద నూరేళ్లుగా ఉన్న ముద్రను ఒక్కడు చెరపలేడు. కాని ఆ ముద్రను చూసి ఆ పిల్లవాణ్ని వద్దనకుండా చేర్చుకున్న బడి ఒకటి ఉంది. తాను చేసిన కసరత్తే కొడుకులకూ నేర్పిన తండ్రి ఒకడున్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక 2018 బ్యూనస్ ఎయిరిస్. ఇక్కడ కార్డు మారింది. మూడు స్వర్ణాలు, తొమ్మిది రజతాలు, ఒక కాంస్యం, మొత్తం 13. మొదటి స్వర్ణం మిజోరం కుర్రవాడు జెరెమీ లాల్‌రిన్నుంగా తెచ్చాడు. వెయిట్‌లిఫ్టింగ్ 62 కిలోల విభాగంలో రెండు పద్ధతుల్లో కలిపి 274 కిలోలు ఎత్తాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు నిండలేదు. యువజన ఒలింపిక్స్‌లో మన దేశానికి అదే తొలి స్వర్ణం. మరునాటి నుంచి పిస్తోల్ షూటింగ్‌లో హర్యానా అమ్మాయి మను భాకర్, మీరట్ జిల్లా రైతుబిడ్డ సౌరభ్ చౌదరి మరో రెండు స్వర్ణాలు గెలిచారు. బ్యాడ్మింటన్‌లో లక్ష్య సేన్, విలువిద్యలో ఆకాశ్ మలిక్, నడక పందెంలో సూరజ్ పన్వర్, రైఫిల్‌లో శాహు మానే, మెహులీ ఘోష్, కుస్తీలో సిమ్రన్, జూడోలో మణిపూర్ అమ్మాయి తబాబీ దేవి రజతాలు తెచ్చారు. హాకీలో జట్టుకు అయిదుగురే ఆడే పోటీ పెట్టారు. అందులో మన అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ ఫైనల్‌కు వెళ్లి రజతాలు తెచ్చారు. ట్రిపుల్ జంప్‌లో తమిళనాడు పిల్లవాడు ప్రవీణ్ చిత్రవేల్‌కు కాంస్యం వచ్చింది.

ఇంకో మాట. ఈ యువజన ఒలింపిక్స్‌లో వేర్వేరు దేశాల పిల్లలను ఒకే జట్టుగా కలిపి ఆడించే పోటీలు కూడా ఉంటాయి. మన మను భాకర్ తజికిస్తాన్ కుర్రవాడితో జతకట్టి రజతం గెలిచింది. ఆ పతకం ఏ దేశం లెక్కలోకీ రాదు. ఇద్దరి భాష వేరు, తిండి వేరు, గురి ఒక్కటి. ఈ ఏర్పాటు చేసిన పెద్దల తెలివి మాకు చాలా నచ్చింది.

మొన్న 2025 అక్టోబరులో బహ్రెయిన్‌లో ఆసియా యువజన క్రీడలు జరిగాయి. అంతకు ముందు 2013లో ఇవే పోటీల్లో మనకు వచ్చినవి 14 పతకాలు. బహ్రెయిన్‌లో 48 వచ్చాయి, అందులో 13 స్వర్ణాలు. దేశాల్లో ఆరో స్థానం. కబడ్డీలో అబ్బాయిలు, అమ్మాయిలు ఇద్దరూ స్వర్ణం గెలిచారు. కబడ్డీకి బ్యాటు అక్కరలేదు, బూట్లు లేకపోయినా మొదలుపెట్టవచ్చు, మన ఈద్గా వెనకున్నంత జాగా చాలు.

ఇదీ కార్డు. ఇప్పుడు మీలో ఒకరు లేచి అడుగుతారు. నిజానికి ప్రతి ఏడూ మా బడికి వచ్చి తండ్రులు అడిగేదీ ఇదే. “మాస్టర్‌సాబ్, అవన్నీ సరే. ఆట అన్నం పెడ్తదా?”

ఈ ప్రశ్నను మేము ఎగతాళి చేయం. పొద్దున ఆరింటికి బండి తోసుకుని బయల్దేరే మనిషికి ఈ ప్రశ్న అడిగే హక్కుంది. కాబట్టి నిజమే చెబుతాం. చిన్నతనంలో పతకం తెచ్చిన ప్రతివాడూ పెద్దయ్యాక ఛాంపియన్ కాడు. సింగపూర్‌లో గెలిచిన ఎనిమిది మందిలో కొందరి పేర్లు మళ్లీ పత్రికల్లో అంతగా కనబడలేదు. కొందరివి కనబడ్డాయి, అదీ చాలా ఆలస్యంగా. ప్రణయ్ సంగతి చూడండి. 2010లో పిల్లల ఒలింపిక్స్‌లో రజతం. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అతనికి కాంస్యం ఎప్పుడొచ్చింది? 2023లో. మధ్యలో పదమూడేళ్లు. పూజా ధండాకు ప్రపంచ కుస్తీలో కాంస్యం 2018లో, అంటే ఎనిమిదేళ్ల తర్వాత. మను భాకర్ 2018లో పిల్లల స్వర్ణం గెలిచి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లింది. పోటీ మధ్యలో పిస్తోల్ మొరాయించింది, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆట మానేద్దామా అన్నంత దిగులు పడింది. మళ్లీ నిలబడి 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చిన మొదటి భారతీయురాలు ఆమె. ప్రవీణ్ చిత్రవేల్ 2023లో హవానాలో 17.37 మీటర్లు దూకి జాతీయ రికార్డు పెట్టాడు. హాకీలో ఆనాడు అబ్బాయిలకు నాయకుడైన వివేక్ సాగర్ ప్రసాద్ టోక్యోలో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు.

దీనివల్ల మాకు తెలిసిందేమంటే, ఈ పతకాల పట్టికలో మనం అంకెలు చూస్తాం కాని, ఆ అంకెల వెనక ఉన్నవి సంవత్సరాలు. పదిహేనేళ్ల వయసులో పతకం రావాలంటే ఎనిమిదో ఏట, తొమ్మిదో ఏట ఎవరో ఒకరు ఆ పిల్లవాణ్ని మైదానానికి పంపి ఉండాలి. జెరెమీ తండ్రి బాక్సరు. కొడుకు పసివాడుగా ఉండగానే పుణెలో సైన్యంవారి క్రీడా సంస్థకు పంపాడు. మిజోరం ఎక్కడ, పుణె ఎక్కడ! ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకోకుండా ఉండి ఉంటుందా? అయినా పంపింది. పతకం వచ్చినరోజు మనం చప్పట్లు కొట్టాం. పంపినరోజు ఎవరూ కొట్టలేదు.

ఇప్పుడు మా పొరపాటు చెబుతాం.

చాలా ఏళ్ల కిందట, మేము బడిలో చేరిన కొత్తల్లో, జూన్ నెలలో ఒక తల్లి చిన్న పిల్లవాణ్ని తీసుకుని వచ్చింది. తండ్రికి సైకిల్ పంక్చర్ల దుకాణం. “పుట్టిన తేదీ ఏందమ్మా?” అని అడిగాం. “వానలు మస్తుగా పడ్డ ఏడు సార్, రంజాన్‌కు ముందు” అంది. ఇంట్లో పుట్టాడు. కాగితం లేదు. ఒకటో తరగతికి అయిదేళ్లు నిండాలి. పిల్లవాడు చురుగ్గా ఉన్నాడు. వెనక్కి పంపితే మళ్లీ రాడేమోనని మాకు భయం, తరగతిలో సంఖ్య తగ్గుతుందేమోననీ భయం. ఆ రోజుల్లో అందరూ చేసినట్లే మేమూ చేశాం. జూన్ 1 అని తేదీ వేసి, అయిదేళ్లు నిండేట్లుగా సంవత్సరం వేశాం. మా దస్తూరీతోనే వేశాం. ఆ ఏడు మా రిజిస్టర్‌లో చేరిన పిల్లల్లో సగానికి పైగా జూన్ 1నే పుట్టారు!

మీరు నవ్వుతున్నారు. మేమూ అప్పట్లో స్టాఫ్‌రూంలో నవ్వుకున్నాం.

ఆ పిల్లవాడు పెరిగాడు. పరుగులో వాణ్ని పట్టుకునేవాడు లేడు. పద్నాలుగేళ్ల లోపు విభాగంలో మండలంలో మొదటివాడు. జిల్లా పోటీలకు పంపాం. అక్కడా మొదటివాడే. రాష్ట్ర పోటీలకు పేరు రాసే సమయంలో వయసు కాగితాలు చూశారు. మా రిజిస్టర్ ప్రకారం పద్నాలుగు దాటి కొన్ని నెలలయింది. పేరు కొట్టేశారు. తల్లి చెప్పిన వానల ఏడు, రంజాన్ లెక్క కట్టి చూస్తే వాడికి అప్పటికి పదమూడేళ్లే. తండ్రి దుకాణం మూసి మా దగ్గరికి వచ్చి, “సార్, మీరే కదా రాసింది, మీరే దిద్దరాదూ” అన్నాడు. దిద్దడానికి మా చేతిలో ఏముంది? ఒకసారి రిజిస్టర్‌లో పడ్డ సిరా కలం పట్టుకున్నవాడి మాట కూడా వినదు. అధికారులది తప్పు కాదు. వాళ్లు కాగితం చూశారు. కాగితం మాది.

తర్వాత ఏడు వాణ్ని పదిహేడేళ్ల లోపు విభాగంలో నిలబెట్టాం. మీసాలొచ్చిన పిల్లల మధ్య చివరివాడుగా వచ్చాడు. ఇంటికి వచ్చి బూట్లు విప్పి అటకమీద పెట్టాడట. మళ్లీ తీయలేదు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, తండ్రి దుకాణమే చూస్తున్నాడు, మా స్కూటర్‌కు గాలి కొడతాడు. “సలాం సార్” అంటాడు. డబ్బులు తీసుకోడు. మేము బలవంతంగా ఇచ్చి వస్తాం. ప్రతిసారీ ఆ జూన్ 1 గుర్తొస్తుంది.

ఇది ఎందుకు చెప్పామంటే, పిల్లల అంతర్జాతీయ పోటీలన్నీ పుట్టిన తేదీమీదే నడుస్తాయి. బ్యూనస్ ఎయిరిస్‌కు వెళ్లాలంటే 2000 జనవరి 1కీ 2003 డిసెంబరు 31కీ మధ్య పుట్టి ఉండాలన్నారు. ఒక్కరోజు అటయినా ఇటయినా తలుపు మూసుకుంటుంది. ఎంత బలమున్నా, ఎంత వేగమున్నా ముందు చూసేది కాగితమే. మా పిల్లవాడు అంతదూరం వెళ్లేవాడని మేము అనడంలేదు. వెళ్లేవాడో లేదో తెలుసుకునే అవకాశం మేము తీసేశాం, అంతే.

ఇంకోవైపు కూడా చెప్పాలి. కొందరు తండ్రులు వచ్చి, “రెండేండ్లు తక్కువ రాయండి సార్, ఆటల్లో పనికొస్తది” అంటారు. ఇది మా పొరపాటుకన్నా పెద్ద తప్పు. పద్దెనిమిదేళ్లవాడు పదహారేళ్ల పిల్లల్లో నిలబడి గెలిస్తే, నిజంగా పదహారేళ్లున్న ఎవరి బిడ్డ స్థానమో లాక్కున్నట్లే. అదీకాక ఇప్పుడు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తున్నారు. కాగితం అబద్ధమాడినా ఎముక ఆడదు.

కనుక మొదటి మనవి ఇదే. ఇంట్లో బిడ్డ పుడితే 21 రోజుల్లోగా మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు చేయించండి. ఆ గడువులో చేయిస్తే రుసుం లేదు. ఈ చట్టం 1969 నుంచీ ఉంది. 2023లో దాన్ని సవరించారు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. ఇక మా వంటి మాస్టర్ల దయ మీద, జూన్ 1 మీద ఆధారపడే రోజులు పోవాలి.

రెండో మనవి ఆడపిల్లల గురించి. ఇది చెప్పడానికి కొంచెం జంకుతున్నాం కాని చెప్పక తప్పదు. మన దేశం కార్డు మళ్లీ తీయండి. 2010లో ఎనిమిది పతకాల్లో అమ్మాయిలు తెచ్చినది ఒక్కటే. 2014లో రెండింటిలో ఒక్కటీ లేదు. 2018లో 13లో అయిదు అమ్మాయిలవే. మను భాకర్, మెహులీ ఘోష్, తబాబీ దేవి, సిమ్రన్, హాకీ జట్టు. ఆ హాకీ జట్టు నాయకురాలు సలీమా టేటే, జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లా అడవి ప్రాంతపు ఆదివాసీ బిడ్డ. తర్వాత 2024లో దేశపు మహిళా హాకీ జట్టుకే నాయకురాలయింది. బ్యూనస్ ఎయిరిస్‌లో నిర్వాహకులు అబ్బాయిలనూ అమ్మాయిలనూ సమాన సంఖ్యలో ఆడించారు. తలుపు సగం మనకోసం తెరిచి పెట్టారు. ఆ సగంలోంచి లోపలికి వెళ్లడానికి మనం ఎంతమందిని పంపాం?

మా బడిలో ఆరో తరగతి ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా పరుగెత్తుతారు. ఎనిమిదికి వచ్చేసరికి మైదానంలో కనబడరు. ఏమ్మా అంటే, “అమ్మీ వద్దన్నది సార్” అంటారు. అమ్మీ ఎందుకు వద్దన్నదో మాకు తెలుసు. మైదానానికి గోడ లేదు, మరుగుదొడ్డికి తలుపు లేదు, ఆటలు నేర్పే ఆడ టీచరు లేదు, వచ్చేటప్పటికి చీకటి పడుతుంది. తల్లి భయం ఉత్తది కాదు. కాని ఈ నాలుగింటినీ మనం సరిచేయగలం. భయానికి కారణాలు తీసేయకుండా పిల్లనే మైదానం నుంచి తీసేయడం ఏం న్యాయం?

దూరం పోనవసరం లేదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను చూడండి. మొదట ఆమెను పరుగుపందేల వైపు తీసుకుపోయింది తండ్రే. తర్వాత బాక్సింగ్‌లోకి వచ్చింది. 2011లో తుర్కీలోని అంతల్యాలో, చిన్న వయసువాళ్ల ప్రపంచ బాక్సింగ్ పోటీల్లో స్వర్ణం గెలిచింది. అప్పటికి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్ల. పెద్దల ప్రపంచ ఛాంపియన్ అయింది 2022లో, అదే తుర్కీలోని ఇస్తాంబుల్‌లో. మళ్లీ 2023లో ఢిల్లీలో. మధ్యలో పదకొండేళ్లు. భుజం దెబ్బ తిని ఆపరేషన్ అయింది, ఒక ఏడు ఆటే లేదు. ఆ పదకొండేళ్లూ లోకం ఏమనుకుంటుందో అని ఆ తండ్రి తలుపు మూసి ఉంటే ఈరోజు మనం ఆ పేరు చెప్పుకునేవాళ్లం కాదు. ఇప్పుడు అందరూ “మన బిడ్డ” అంటున్నారు. గెలిచాక మన బిడ్డ అనడం సులువు. పరుగు నేర్చుకునేటప్పుడు అనాలి.

మూడో మనవి దారుల గురించి. దారి తెలియక ఆగిపోయే పిల్లలు ఎక్కువ. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. మండలంలో, జిల్లాలో, తర్వాత రాష్ట్రస్థాయిలో పరీక్ష పెడతారు. పరీక్ష అంటే పుస్తకం కాదు. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకడం, పైకి ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, అటూ ఇటూ షటిల్ రన్, ఒళ్లు ఎంత వంగుతుందో చూడడం. చూడండి, ఇందులో ఖర్చయ్యేది ఏముంది? మన పిల్లలు పతంగుల వెనక పరుగెత్తేటప్పుడు రోజూ చేసేవే. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో కూడా ఇటువంటి బడులున్నాయి. చదువూ, తిండీ, శిక్షణా అక్కడే. కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన ఖేలో ఇండియా పథకంలో, ఎంపికైన క్రీడాకారుడికి ఏటా 5 లక్షల రూపాయల చొప్పున ఎనిమిదేళ్లు ఖర్చు పెట్టే ఏర్పాటు చేశారు. ఎనిమిదేళ్లని ఎందుకు పెట్టారో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. అంతకాలం పడుతుంది కాబట్టే.

ఆఖరుగా మన సంఘానికి ఒక మాట. ఏటా ఈ సావనీరులో పదో తరగతిలో, ఇంటర్‌లో ఎక్కువ మార్కులు తెచ్చిన పిల్లల ఫోటోలు వేస్తున్నాం. మంచిదే. మేమే ఆ జాబితా తయారుచేస్తాం. వచ్చే సంవత్సరం నుంచి దానికింద మరో జాబితా పెడదాం. మండలం దాటి ఆడిన పిల్లల పేర్లు. పతకం రాకపోయినా పెడదాం. వజీఫా సొమ్ములో కొంత పక్కన పెట్టి, పరుగెత్తే పిల్లలకు బూట్లు, జిల్లా పోటీలకు వెళ్లే పిల్లలకు బస్సు ఛార్జీలు, ఆడపిల్లలకు తోడుగా వెళ్లే తల్లికి కూడా బస్సు ఛార్జీ ఇద్దాం. తల్లి ఛార్జీ అన్నమాట మినిట్స్‌లో తప్పకుండా రాయించండి కార్యదర్శిగారూ. దానివల్లే సగం మంది ఆగిపోతున్నారు. ఇంకో పని. నెలకొక ఆదివారం మన సంఘం ఆఫీసులో కూర్చుని, జనన ధ్రువపత్రాలు లేని పిల్లల దరఖాస్తులు మేము ఉచితంగా రాసిపెడతాం. తప్పు రాసింది ఈ చెయ్యే. సరిగా రాయడం కూడా ఈ చెయ్యే నేర్చుకోవాలి.

మన దేశానికి 2010లో ఒక్క స్వర్ణం రాలేదు, 2018లో మూడు వచ్చాయి. ఆ ఎనిమిదేళ్లలో దేశంలో పిల్లలు మారలేదు. అవే కాళ్లు, అవే చేతులు. పంపినవాళ్లు పెరిగారు. మన మొహల్లాలో కూడా పిల్లలు ఉన్నారు. కావలసింది పంపేవాళ్లే.

చాలాసేపు మాట్లాడాం. వెనక నిలబడ్డ పిల్లలు మమ్మల్ని కోపంగా చూస్తున్నారు, వాళ్ల బహుమతులకు అడ్డం నిలబడ్డాం కాబట్టి. ఈ ఒక్కరోజే కాదు, ఇంకెప్పుడూ వాళ్లకు అడ్డం నిలబడకుండా ఉండే తౌఫీక్ మాకూ మీకూ కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.